నిండిందమ్మా

మా మేడ మీద నీళ్ల ట్యాంకు ఉంది. దాన్ని నింపే మోటారు స్విచ్చి మా ఇంట్లో లేదు. స్విచ్చి పక్కింటి పెరట్లో ఉంది. అక్కణ్ణించి చూస్తే ట్యాంకులో నీళ్లు ఎంతవరకు వచ్చాయో తెలియదు. ఈ వింత ఏర్పాటు మేము చేసుకున్నది కాదు. నర్సీపట్నంలో, బలిఘట్టం వెళ్లే దారికి కాస్త లోపలగా, ఒకప్పుడు ఇద్దరు అన్నదమ్ములు కలిసి కట్టుకున్న ఇల్లు ఇది. తరవాత ఒకరికొకరు పడక మధ్యలోంచి గోడ లేపుకున్నారు. తూర్పు వాటాకు బోరు, మోటారు, కరెంటు మీటరు పోయాయి. పడమటి వాటాకు మేడమెట్లు, ట్యాంకు వచ్చాయి. ట్యాంకులోంచి దిగే గొట్టాలు మాత్రం రెండు వాటాలకూ ఉమ్మడిగా ఉండిపోయాయి. గోడ కట్టినవాళ్లు నీళ్లను విడదీయడం మరిచిపోయారో, చేతకాక వదిలేశారో నాకు తెలియదు. చివరికి ఎవరి వాటా వాళ్లు అమ్ముకుని ఊరు విడిచిపోయారు. పడమటిది మా నాన్న కొన్నాడు. తూర్పుది గొలుగొండ నుంచి వచ్చిన ఒక రైతు కుటుంబం కొన్నది.

అందుచేత మా రెండిళ్ల మధ్య రోజుకొక మాట తప్పనిసరిగా ఉండేది. ఉదయం ఎండ మునగచెట్టు మీదికి వచ్చే వేళకు పక్కింటి దేవుడమ్మగారు మోటారు వేసి, చెట్టు కింద పీట వాల్చుకుని కూర్చునేవారు. నేను మేడెక్కి, ట్యాంకు మూత ఎత్తి, నీళ్లు అంచుకు వచ్చేదాకా చూసి, పిట్టగోడ మీదుగా వంగి “నిండిందమ్మా” అనేవాణ్ణి. ఆవిడ తలెత్తి చూసి, మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచి, స్విచ్చి ఆపి, తిరిగి వచ్చి పీట మీద కూర్చునేవారు. కూర్చుని, మళ్లీ ఒకసారి నా వైపు చూసేవారు.

ఆ రెండో చూపు లేకపోతే నేను అన్నేళ్లు అంత శ్రద్ధగా మేడెక్కేవాణ్ణి కానేమో. చరిత్ర పాఠాలు చెప్పిన ప్రైవేటు కాలేజీ మూతపడ్డాక నేను ఇంట్లోనే కూర్చుని ప్రచురణకర్తల కోసం ప్రూఫులు దిద్దుకుంటున్నాను. పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయాక ఇంట్లో మాట్లాడవలసిన అవసరం ఎవరికీ లేకపోయింది. ఆ ‘ఎవరికీ’ అన్నది నేనొక్కణ్ణే. మేడ మీద నోరు తెరిచినప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. అప్పుడే తెరిచిన పాత పెట్టెలోంచి వచ్చినట్టు ఉండేది. అందుకే ఆ ఒక్క మాటకు మరో రెండు మాటలు చేర్చడం అలవాటైంది.

“నేను దిద్దుతున్న పుస్తకంలో ఒక రాజుగారు రెండుసార్లు చనిపోయాడమ్మా. మొదటి అధ్యాయంలో యుద్ధంలోనూ, అయిదో అధ్యాయంలో జబ్బు చేసీనూ. ఏ చావు ఉంచాలో రాసినాయన్ని అడగాలి” అనేవాణ్ణి.

ఆవిడ తల ఊపి, “మంచిది బాబూ” అనేవారు.

“ఒక్కడి కోసం చారు కాచుకుంటే కుదరడం లేదమ్మా. అమ్మ చేతి కొలత నలుగురికి సరిపడే కొలత.”

“మంచిది బాబూ.”

విశాఖలో ఎం.ఏ. చదివే రోజుల్లో లైబ్రరీలో నాకెదురుగా కూర్చునే ఒకామె ఉండేది. ఆమె పేరు నేను ఎవరి ముందూ పైకి అనలేదు. ఒక కార్తీకమాసం పొద్దున, ట్యాంకు నిండాక, పిట్టగోడ మీద చేతులు ఆన్చి ఆ పేరు దేవుడమ్మగారితో అన్నాను. ఆవిడ చాలాసేపు నన్నే చూసి, ఎప్పటిలాగే తల ఊపి, “మంచిది బాబూ” అన్నారు. ఆ జవాబులోని పొదుపు నాకెంతో నచ్చింది. సలహా చెప్పని మనిషి దొరకడం ఎంత అరుదో చదువుకున్నవాళ్ల మధ్య బతికినవాడికి తెలుస్తుంది.

పొదుపు మాట వచ్చింది గనక చెబుతున్నాను. నీళ్ల విషయంలో మా ఇద్దరికీ ఒకే పట్టుదల. నేను అర బకెట్టుతో స్నానం ముగిస్తాను. కుళాయి చుక్కచుక్కగా కారుతుంటే అచ్చుతప్పు కనబడ్డట్టు నాకు మనసు నిలవదు. ఆవిడ బియ్యం కడిగిన నీళ్లు వీధి చివరి గేదెకూ, గిన్నెలు తొలిచిన నీళ్లు మునగచెట్టుకూ పోసేవారు. కాళ్లు కడుక్కోవాలన్నా ఏదో ఒక మొక్క పాదులో నిలబడి కడుక్కునేవారు. ఆవిడ కొడుకు గోపీకృష్ణ సంగతి వేరు. మోటారు సైకిళ్ల షోరూములో పని చేస్తాడు. కుళాయి వదిలేసి పాట పాడుకుంటూ గెడ్డం గీసుకునేవాడు. ఆదివారం వచ్చిందంటే పైపు పెట్టి బండి కడిగేవాడు. కోడలు సత్యవేణి ఇడ్లీ, దోసెల పిండి రుబ్బి అమ్ముతుంది. పప్పులూ బియ్యమూ కడగడానికీ, గ్రైండరు తొలవడానికీ ఆమెకు చాలా నీళ్లు కావాలి.

ఈ ఏడు శివరాత్రి వెళ్లగానే ఎండలు ముదిరాయి. జీడిగింజలు కాల్చే వాసన ఊరి మీదికి వచ్చేసరికే బోరులో నీళ్లు కిందికి జారాయి. మోటారు దగ్గుతూ దగ్గుతూ నీళ్లు లాగడం మొదలుపెట్టింది. మునిసిపాలిటీ కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. వీధిలో ఆడవాళ్లు ప్లాస్టిక్ బిందెలు వరస పెట్టుకుని కూర్చునేవారు.

సరిగ్గా అప్పుడే నా కుడి మోకాలు వాచింది. డాక్టరు మెట్లు ఎక్కవద్దన్నాడు. నేనొక ఉపాయం ఆలోచించాను. ఖాళీ ట్యాంకులో నీళ్లు పడే చప్పుడు బరువుగా ఉంటుంది; మట్టం పెరిగినకొద్దీ పలచబడుతుంది; అంచుకు వచ్చే ముందు దాదాపు వినబడకుండా పోతుంది. వంటింట్లో నిలబడి విన్నా ఆ తేడా నాకు తెలుసు. వంటింటి కిటికీ నుంచి గోడ మీదుగా వాళ్ల పెరడు కనిపిస్తుంది. చప్పుడు సన్నగిల్లగానే కిటికీలోంచి “నిండిందమ్మా” అంటే సరిపోతుంది. మేడెక్కే పని తప్పుతుంది.

మొదటి రోజే ట్యాంకు పొర్లింది. పైనుంచి నీళ్లు ధార కట్టి వీధిలో పడ్డాయి. రెండుసార్లు పిలిచాను. మూడోసారి గొంతు పెంచాను. మునగచెట్టు కింద దేవుడమ్మగారు కదలలేదు. ఎదురింటి అప్పలలక్ష్మి ఖాళీ బిందె నడుముకు ఆన్చుకుని మా గేటు ముందు నిలబడింది.

“ఏటండీ మేష్టారూ, డాబా మీద జలపాతం ఎట్టారేటండీ? టిక్కట్టు ఎంతేటి?”

“పిలిచానమ్మా. వాళ్లకు వినపడలేదు.”

“నాకు వీదిలోకి ఇనపడింది గదా! గోడవతల ఆవిడికి ఇనపడనేదా?” అని, పడుతున్న ధార కింద బిందె పెట్టింది. “పోన్లెండి, మీ పున్నేన ఓ బిందె దొరికింది. రేపు కూడా వదిలేత్తారా? బేగి వొచ్చి నిలబడతాను.”

ఆ మర్నాడూ పొర్లింది. తరవాత మరో రోజు కూడా. వీధిలో నా గురించి మాటలు మొదలయ్యాయి. ఎవరింటికీ వెళ్లని మనిషిని, పేపరువాడితో తప్ప మాట్లాడని మనిషిని, ఇప్పుడు ఊరి నోట్లో పడ్డాను. ఒకరోజు సత్యవేణి గోడకు అవతల స్టూలు వేసుకుని తల పైకి పెట్టింది. చేతులకు పిండి ఉంది.

“మేష్టారండీ, ఇంత నీరు అలాగ పోతంటే పిలవరేటండీ?”

“పిలుస్తూనే ఉన్నానమ్మా. మీ అత్తగారిని అడుగు.”

ఆమె స్టూలు దిగి, అత్తగారి ముందు వంగి అడిగింది. దేవుడమ్మగారి జవాబు నాకు స్పష్టంగా వినిపించింది.

“నాను అబద్దం ఆడతానేటే? ఆ బాబు రానేదు. వొస్తే నాను ఆపనా?”

నాకు చాలా కష్టమనిపించింది. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు, నేనూ కాను. మరి మా ఇద్దరి మధ్య ఇన్ని నీళ్లు ఎలా పోతున్నాయి?

సత్యవేణి మళ్లీ స్టూలెక్కి నా వైపు తిరిగింది. “ఎప్పట్లాగ మేడ మీదికెల్లి సెప్పొచ్చు గదండీ. కిటికీలోంచి కేకేస్తే ఎవులికి తెలుస్తాది?”

“కేక వినడానికే గదమ్మా? మేడ మీదినుంచి అయితేనేం, కిటికీలోంచి అయితేనేం?”

ఆమె ఒకసారి అత్తగారి వైపు తిరిగి చూసింది. పిండి చేతులు పైటకు తుడుచుకుని స్టూలు దిగిపోయింది. ఆమెకు పొగరనుకున్నాను.

ఆ సాయంత్రం గోపీకృష్ణ మా గేటు దగ్గరికి వచ్చాడు. మంచివాడే, నన్ను చూస్తే చెప్పులు విడిచి మాట్లాడతాడు. వెనకాలే దేవుడమ్మగారు వచ్చి, కొడుకు మొహం కనబడేట్టు పక్కగా నిలబడ్డారు.

“మేష్టారూ, ఈ గొడవంతా ఎందుకండీ. ఆటోమేటిక్కు పెట్టించేద్దాం. ట్యాంకు నిండితే దానికదే ఆగిపోద్ది. మీరు పిలవక్కర్లేదు, మాయమ్మ లెగవక్కర్లేదు.”

నేను జవాబు వెతుక్కునేలోగా ఆవిడ అందుకున్నారు.

“నాకు లెగడం కట్టమని నీకెవులు సెప్పార్రా? పప్పు మాడ్సీసినానని పొయ్యికాడికి రావొద్దన్నావు, ఊరుకున్నాను. ఇప్పుడు ఈ స్విచ్చి కూడా లాగీసుకుంతావేటి? ఇంక ఆ ఇంట్లో నాకు పనేటున్నాది? కూకుని తిండానికేనా?”

“నీ మంచికే గదే అమ్మా.”

“నా మంచి నాకు తెలుసు.”

గోపీకృష్ణ నవ్వేశాడు గానీ, పోతూ పోతూ గట్టిగానే అన్నాడు. “సరే. ఇంకోపాలి పొర్లిందంటే మాత్రం పెట్టించేస్తాను. నీరు నేని రోజులు. వీదిలో తలెత్తుకోలేకపోతన్నాం.”

చలికాలంలో పప్పు మాడిన సంగతి నాకూ తెలుసు. ఆ రోజు కుక్కరు కూతలు మా ఇంట్లోకే వినిపించాయి. పుస్తకం మూసి, ఎవరూ ఆపరేం అని విసుక్కున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

తరవాత కొద్ది రోజులకు ఒక ఉదయం వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. దేవుడమ్మగారు నాకు వీపు పెట్టి కూర్చున్నారు. ముందు చేటలో చింతపండు. గింజలు ఒక పక్కకూ, గుజ్జు ఒక పక్కకూ తీస్తున్నారు. పైన ట్యాంకు చప్పుడు సన్నగిల్లింది. “నిండిందమ్మా” అన్నాను. చేతులు కదులుతూనే ఉన్నాయి. “అమ్మా, నిండింది!” అని అరిచాను. నా అరుపుకు గోడ మీద పడుకున్న పిల్లి బెదిరి, వాళ్ల చప్టా మీద బోర్లించిన స్టీలు బిందె మీదికి దూకింది. బిందె పడి, సిమెంటు మీద దొర్లుకుంటూ పోయి, గోడకు కొట్టుకుని మళ్లీ దొర్లింది. మునగచెట్టు మీద కాకులన్నీ లేచిపోయాయి. నా చేతిలో గ్లాసు తొణికింది.

ఆవిడ వేళ్లు ఆగలేదు. ఒక గింజ తీసి, అటు పెట్టారు. ఇంకొకటి తీసి, అటు పెట్టారు.

ప్రూఫు దిద్దేవాడికి ఒక అనుభవం ఉంటుంది. పుస్తకం చివరి పేజీలో ఒక తప్పు కనబడుతుంది. ఆ తప్పు మొదటి పేజీ నుంచీ ఉందని అప్పుడు తెలుస్తుంది. అప్పుడిక మొదటినుంచీ చదవాలి. నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి మొదటినుంచీ చదువుకున్నాను. ఎన్ని మాటలన్నా ఒకే జవాబు. కొడుకు మాట్లాడుతుంటే మొహం కనబడే చోటు వెతుక్కోవడం. ‘ఆ బాబు పిలవలేదు’ అనకుండా ‘రానేదు’ అనడం. ఆవిడ నా మాట ఏనాడూ వినలేదు. పిట్టగోడ మీద నా తల కనబడితే లేచి స్విచ్చి ఆపేవారు; అంతే. రెండుసార్లు చనిపోయిన రాజుగారు, కుదరని చారు, కార్తీకమాసంలో నేను పలికిన ఆ పేరు, అన్నీ మునగాకుల మీదుగా ఎటో వెళ్లిపోయాయి.

పైనుంచి నీళ్లు పొర్లడం మొదలైంది. నేను మళ్లీ పిలవలేదు.

వంటింటి గుమ్మంలోంచి సత్యవేణి పరుగున వచ్చింది. అత్తగారిని వెనకనుంచి పిలవలేదు. చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి, గొంతుక్కూర్చుని, ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి, మొహంలోకి చూస్తూ పెదవులు కదిపింది. ఆవిడ గబగబా లేచి స్విచ్చి ఆపారు. అప్పుడు సత్యవేణి తలెత్తి కిటికీలో నన్ను చూసింది. నేను చూశానని ఆమెకు తెలిసింది. ఆమెకు ముందే తెలుసునని నాకు తెలిసింది.

లోపల్నుంచి గోపీకృష్ణ గొంతు వినిపించింది. “మళ్లీ పొర్లిందేటి? ఎవులు ఆపనేదు?”

సత్యవేణి నా మీదినుంచి చూపు తిప్పలేదు. గట్టిగా, లోపలికి వినబడేట్టు అన్నది. “మేష్టారు ఈయేళ కూడా పిలవనేదు!”

మాట నిందలాగే ఉంది. కళ్లు మాత్రం బతిమాలుతున్నాయి.

గోపీకృష్ణ గెడ్డానికి సబ్బు నురగతోనే బయటికి వచ్చాడు. వెనకాల కుళాయి పారుతూనే ఉంది. “ఏటండీ మేష్టారూ? నిజవేనా?”

“నిజమేనయ్యా” అన్నాను. “పుస్తకంలో పడి మరిచిపోయాను.”

“మీలాంటి సదువుకున్నోళ్లే ఇలాగైతే ఎలాగండీ?”

“తప్పే. ఇకమీదట మేడెక్కి, కళ్లతో చూసి చెబుతాను. మళ్లీ పొర్లదు. ఆటోమేటిక్కులూ అవీ వద్దు.”

“మీ మోకాలు?”

“తగ్గింది.”

అతను ఒక క్షణం నన్నూ, తల్లినీ చూసి, “సరే, మీ మాట మీద ఒగ్గేస్తన్నాను” అని లోపలికి వెళ్లాడు. అప్పుడు కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది. సత్యవేణి దొర్లిన బిందె తెచ్చి బోర్లించింది. మధ్యాహ్నం గోడ మీద మూత పెట్టిన గిన్నె ఒకటి కనిపించింది. అందులో మినప్పిండి ఉంది.

మర్నాడు ఒక్కొక్క మెట్టూ రెండు కాళ్లతో ఎక్కి మేడ మీదికి చేరాను. ట్యాంకు నిండింది. పిట్టగోడ మీదుగా వంగాను. దేవుడమ్మగారు తలెత్తి ఉన్నారు, ఎప్పటినుంచి చూస్తున్నారో. నేను నోరు తెరిచి, గొంతు కలపకుండా, పెదవులతో మాత్రమే ‘నిండిందమ్మా’ అన్నాను.

ఆవిడ తల ఊపి, మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచి, స్విచ్చి ఆపారు.

తిరిగి వచ్చి పీట మీద కూర్చుని నా వైపు చూశారు. ఆ రెండో చూపు. నా దగ్గర చెప్పడానికేమీ లేదు. గాలికి మునగపూలు రాలుతున్నాయి. కొంతసేపు చూసి, ఆవిడ చేట దగ్గరికి లాక్కున్నారు.

కొన్నాళ్లు అలాగే సాగింది. పొర్లడం ఆగిపోయింది. అప్పలలక్ష్మి గేటు ముందు నుంచి వెళుతూ “జలపాతం మూసీసినారేటండీ?” అని నవ్వేది. నేను మేడెక్కి, మాట లేని మాట చెప్పి, దిగి వచ్చేవాణ్ణి. ఒకరోజు దిగబోతుంటే కిందినుంచి దేవుడమ్మగారి గొంతు వినిపించింది. ఆవిడ తనంతట తాను నాతో మాట మొదలుపెట్టడం అదే మొదలు.

“ఏటి బాబూ, ఊసులాడ్డం మానీసినావు? ఒంట్లో బాగునేదా?”

వెనక్కి వచ్చి నిలబడ్డాను. బాగానే ఉందన్నట్టు చెయ్యి ఊపాను. ఆవిడకు చాలలేదు; అలాగే చూస్తున్నారు. అప్పుడు ఏదో ఒకటి చెప్పాను. దిద్దుతున్న పుస్తకం గురించి కావచ్చు. గొంతు కలిపే చెప్పాను, నాకోసం.

“మంచిది బాబూ” అన్నారు ఆవిడ తృప్తిగా.

వైశాఖం సగమయ్యేసరికి బోరు మాటిమాటికీ మొరాయించసాగింది. మోటారు తిరిగేది, గొట్టంలోంచి గాలి వచ్చేది. ఒకరోజు మోటారు దగ్గర కాలుతున్న వాసన వేసింది. చూసిన మెకానిక్కు, నీళ్లు లేనప్పుడు తిరిగితే మోటారు కాలిపోతుందనీ, బోరులో నీళ్లు తగ్గినా, ట్యాంకు నిండినా దానంతట అదే ఆగే పెట్టె తప్పదనీ చెప్పాడు. ఈసారి ఎవరి తప్పూ లేదు. ట్యాంకులోకి తీగె దించారు. పాత స్విచ్చి పీకి, ఆ చోట ఆకుపచ్చ దీపం ఉన్న పెట్టె బిగించారు. మెకానిక్కు పని చేసినంతసేపూ దేవుడమ్మగారు అతని చేతుల వైపే చూస్తూ నిలబడ్డారు. అతను వెళ్లాక ఆ పెట్టె మీది దుమ్ము కొంగుతో తుడిచారు.

రెండు రోజుల తరవాత సత్యవేణి మా గేటు తీసుకుని లోపలికి వచ్చింది. ఇన్నేళ్లలో మా గడప దగ్గరికి రావడం అదే మొదలు. కూర్చోమన్నా కూర్చోలేదు. గోడ వారగా పేర్చిన పుస్తకాల కట్టల వైపు చూస్తూ అన్నది.

“అత్తని నాతవరం పంపిస్తన్నారండీ. మా ఆడపడుచు రోజారమణి ఇంటికి. అక్కడ తాండవ కాలవ ఉంది, ఇంటి ముందే బోరుంది, నీటికి లోటు నేదు. వానలు పడేదాకా ఇక్కడ ఒక మనిషి తగ్గితే మంచిదని ఈయన అన్నారు. నాను పిండి యాపారం కూడా సగం మానీసినాను.”

“ఆవిడ ఒప్పుకున్నారా?”

“స్విచ్చి ఉన్నన్నాళ్లు ఒప్పుకోనేదండీ. ఇప్పుడేటని సెప్తాది?” ఆమె గొంతు తగ్గింది. “మా ఇంట్లో ఎవులికీ తెలవకుండా కాసుకొచ్చానండీ. ఎదురుగా వొచ్చి మాటాడీదాన్ని. మీరు మేడ మీదికి వొచ్చీవోరు గనక అదొకటి సాగిపోయీది. మీకు సెప్పీద్దావనుకున్నాను, మీరు మా ఆయనకి సెప్పీసేరంటే... మీ మాటకి మా ఇంట్లో విలువుంది మరి. అక్కడ ఆడపడుచు ఇంట్లో నలుగురూ ఒక్కపాలి మాటాడతారు. రెండ్రోజుల్లో తెలిసిపోద్ది.”

“చెవులకు మిషను పెట్టిస్తే?”

“అడిగానండీ. ‘ఇన్నాళ్లు కళ్లతో ఇన్నాను, ఇంకేటి ఇనాలి’ అంది.”

ఆమె వెళ్లిపోతూ గేటు గడియ చప్పుడు కాకుండా వేసింది. చెవుడు ఉన్న ఇంట్లో బతికే మనిషికి అంత మెత్తగా గడియ వేయడం ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు.

వాళ్లు బయలుదేరే రోజు ఉదయం నేను మేడెక్కాను. ఎక్కవలసిన అవసరం లేదు. రాత్రంతా ఊరిన నీళ్లను మోటారు తనే లాగుతోంది; పెట్టె మీద దీపం వెలుగుతోంది. దేవుడమ్మగారు కొత్త నేతచీర కట్టుకుని, పక్కన గుడ్డసంచీ పెట్టుకుని, పీట మీద కూర్చుని ఉన్నారు. నా కోసమే అని చెప్పలేను. ఆవిడ రోజూ కూర్చునే చోటు అది. నా తల కనబడగానే అలవాటుగా మోకాలి మీద చెయ్యి వేశారు. తరవాత గుర్తు వచ్చినట్టుంది, చెయ్యి తీసేశారు.

“ఎల్తున్నాను బాబూ” అన్నారు.

తల ఊపాను.

ఆవిడ లేచి, మునగచెట్టు నీడలోంచి ఎండలోకి, గోడ దగ్గరికి వచ్చారు. ఎండకు కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశారు. మేడ మీదినుంచి అంత దగ్గరగా ఆవిడ మొహం నేను ఎప్పుడూ చూడలేదు.

“ఇన్నేళ్లూ ఏటి సెప్పీవోడివి బాబూ?”

ఆవిడ గొంతులో సిగ్గు లేదు. అడగవలసింది అడిగి వెళ్లాలన్న స్థిమితం ఉంది. చెప్పాలంటే ఎంతో ఉంది. ఒక్కొక్కటీ మెల్లగా, పెదవులు కనబడేట్టు చెబితే ఆవిడ చదువుకోగలరు. ఆ పేరు కూడా; మూడక్షరాల పేరు, పెద్ద కష్టం కాదు. నేను పిట్టగోడ మీద మరి కాస్త వంగాను.

“నీళ్ల సంగతేనమ్మా” అన్నాను.

ఆవిడ నా పెదవుల వైపు చూశారు. తరవాత కళ్లలోకి చూశారు. మొహమంతా ముడతలు పడేట్టు నవ్వారు.

“నీల్ల గురించి అన్నేసి మాటలేటి బాబూ!”

వీధిలో ఆటో హారను రెండుసార్లు మోగింది. ఆవిడ నావైపే చూస్తున్నారు. సత్యవేణి చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి మోచెయ్యి తాకింది. ఆవిడ సంచీ అందుకున్నారు.

“వానలు పడ్డాక వొస్తాను. అప్పుడు సెబుదువు” అని, నా జవాబు కోసం ఆగకుండా, ఇంట్లోకి నడిచారు.

ఆటో వీధి మలుపు తిరిగి, చప్పుడు సన్నగిల్లి వినబడకుండా పోయేదాకా మేడ మీదే నిలబడ్డాను. చెట్టు కింద పీట అలాగే ఉంది. నా వెనక ట్యాంకులో నీళ్లు పడే చప్పుడు బరువు తగ్గి, పలచబడి, అంచుకు వస్తోంది. తెలియకుండానే పిట్టగోడ మీదికి వంగి నోరు తెరిచాను.

మోటారు దానంతట అదే ఆగిపోయింది. ఒక్క చుక్క కూడా పొర్లలేదు.